జొన్నరొట్టె బలం

ఈ ఫ్యాను ఇట్లా కిర్రుమంటుంటే వాడికి నిద్రెలా పడుతుంది, పడుకుంటే కదా, సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే ఫోను తెర తోస్తున్నాడు నా కొడుకు శ్రీనివాస్, కళ్లు పసుపు పూసినట్టున్నాయి, కాలేయం దెబ్బతినిందమ్మా, కండల కోసం సూదులు వేసుకున్నాడు అంది ఈ ఆదోని డాక్టరమ్మ, సూదులంట, నేనేమో ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చుని వాడు బరువులెత్తుతుంటే మురిసిపోతిని, ఉరుకుంద జాతరలో రాతిగుండు ఎత్తినప్పుడు ఎవడో వీడియో పెట్టాడు, అదే మొదలు, ఆ లైకులు చాల్లేదు వాడికి, ముఖం తెలియని ఎవడో ఫోన్లోనే అన్న అయ్యాడు, నెలలో కండ తెప్పిస్తా తమ్ముడూ అని పార్సిల్లో మందు పంపాడు, కన్నతల్లి పొద్దు పోయింది పడుకోరా అంటే వినని నా కొడుకు ఆ అన్న మాట మాత్రం విన్నాడు, థూ, వాడి నోట్లో మన్ను పడ!

అంతటితో ఆగాడా, అమ్మా, నా బలమేందో సెప్పు అని ఫోను నా ముఖం ముందు పెట్టాడు, జొన్నరొట్టె, ఉలవ గుగ్గిళ్లు తింటాడప్పా నా కొడుకు, మీరూ తినండి అని నవ్వుతూ చెప్పాను, చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు నా రొట్టె పేరు చెప్పి ఆ సూదుల్ని దాచాడు, ఊరూరా చూశారంట, పొద్దున నందవరం నుంచి మా చెల్లెలి కూతురు రాధిక ఫోను చేసింది, పరుగుపందేల పిల్ల, పెద్దమ్మా, నువ్వు సెప్పినట్టే తింటాండా, నాకేం బలం రాల్య, శీనన్న ఇంకేమన్నా వాడతాడా, ఆ మందిచ్చేటోని నంబరిప్పియ్యి అంది, వద్దు తల్లీ అనేలోపే ఫోను కట్ అయింది.

ఇప్పుడు వీడు మళ్లీ గొణుగుతున్నాడు, అమ్మా, ఇంకొక్క వీడియో, ఉట్టి జొరమే అని సెప్పు, రాష్ట్రం పోటీలుండాయి, పేరు పోతాది, పేరంట పేరు, పాణం పోతాంటే పేరెవరికిరా, పోగు తెగితే మగ్గం ఆపి అక్కడే ముడెయ్యాలి, చూడనట్టు నేసుకుంటూ పోతే చీర పొడుగునా గీత పడుతుంది, ఆ మాత్రం తెలియదా నాకు, ఫోను పట్టుకో శీనా, సెప్తా అన్నాను, జ్వరమనే చెబుతాననుకుని సంబరంగా ఎత్తి పట్టాడు, పిచ్చినాయన, నన్ను తిట్టుకుంటాడేమో, తిట్టుకోనీ, బతికుంటేనే కదా తిట్టేది, వాడి భుజాలు చూసి వేలమంది చప్పట్లు కొట్టి ఉండొచ్చు, రాధిక మాత్రం నా మాట నమ్మింది, ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది కూడా ఈ నోరే.