వరహాలు కట్టిన పటాలు

"వరహాలు చేతిలో ఏదో ఉందండీ!"

కొట్లోంచి ఆ మాట వినబడేసరికి సత్యకుమారి చేతిలో చేట ఆగిపోయింది. బియ్యంలో రాళ్ళేరడం మానేసి, వంటింటికీ కొట్టుకీ మధ్య వేలాడే తెర దగ్గర చెవి పెట్టింది. పోస్టుమాస్టరుగారు. కొడుకు పెళ్ళి ఫోటోకి కట్టిన పటాన్ని తిప్పి తిప్పి చూస్తున్నట్టున్నారు. "మూలలు చూడండి, వెంట్రుక దూరే సందు లేదు."

"మా వరహాలంటే ఏమనుకున్నారు మరి!" అన్నాడు సర్వేశ్వరరావు, ఆర్నెల్ల కిందట ఆమెకి మొగుడైనవాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. కాలేజీలో తనకంటే రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్న పిల్లని చూసి కూడా ఇంత కుళ్ళుకోలేదు. వరహాలు మీసాలంటే కుళ్ళు. వాడి కోపమంటే కుళ్ళు. వాడికి దక్కే మెప్పంటే చెప్పనే అక్కర్లేదు. ఇంతా చేసి వరహాలనేవాడు ఈ భూమ్మీద లేడు.

పెళ్ళయి విజయనగరం నుంచి అరకు వచ్చిన కొత్తలో ఆమెకి అన్నీ సంబరమే. రైల్లో సొరంగాలు లెక్కపెట్టి, మధ్యలో మొగుడు చెయ్యి పట్టుకునేసరికి లెక్క తప్పింది. పొద్దున్నే వంటింట్లోకి మబ్బు వచ్చేస్తే పొయ్యి పొగనుకుని చేటతో విసిరింది. అన్నిటికంటే పెద్ద సంబరం పెరట్లో కనబడింది. కొట్టుకి వచ్చిన సబ్బుల పెట్టెలు విరిగి, వంటచెరుకులో గుట్టగా పడున్నాయి. వాళ్ళ పెళ్ళి ఫోటోకి పటం కట్టించాలంటే కొండ కిందకి పంపాలన్నారు. ఆమె పంపలేదు. చెక్కలు విడదీసి, మేకులు లాగి, రంపంతో కోసింది. మొదటిసారి మూలల్లో చిటికెన వేలు దూరే సందు వచ్చింది. అప్పుడు నోటుపుస్తకంలోంచి నలుచదరంగా కాయితం చింపి, మూలకి మూల మడిచి, ఆ మడత వెంబడి చెక్క మీద గీత గీసి కోసింది. నాలుగు మూలలూ ముద్దుగా అతుక్కున్నాయి.

"నువ్వు ఇంజనీరువే సత్యా!" అని సర్వేశ్వరరావు ఎత్తి తిప్పేశాడు. ఆ పటం వారంరోజులు సబ్బు వాసన వేసింది. ఆమె ఎవరూ లేనప్పుడు వెళ్ళి వాసన చూసుకునేది.

పటం కొట్లో తగిలించిన మర్నాడే ఎవరో అడిగారు, ఎవరు కట్టారని. "మా వడ్రంగి, వరహాలని," అనేశాడు సర్వేశ్వరరావు. ఆమె నిలదీస్తే గడ్డం పట్టుకుని బతిమాలాడు. "పెళ్ళాం చేత రంపం పట్టించి కూలిపని చేయిస్తున్నాడనరూ? నీ మర్యాద కోసమే కదా." అత్తగారు అచ్చియమ్మ వంతపాడింది. "మగోడి పేరుంటేనే నమ్ముతారమ్మా. ఆడదాని సేతి పటం గోడన నిలుత్తాదా అంటారు."

మొదట్లో ఆమె కూడా నవ్వింది. ఇద్దరికే తెలిసిన ఆటలా ఉండేది. వరహాలుకి మీసాలు పెట్టింది ఆమే. కోపం పెట్టింది మొగుడు, "తొందర పెడితే రంపం విసిరేస్తాడండీ," అని. ఆ పటాలు కావాలని పైవూళ్ళ నుంచి కూడా వచ్చేవారు. నీళ్ళు తోడి, వంట చేసి, అంట్లు తోమి, అత్తగారు కునుకు తీసే వేళ పెరటి తలుపు మూసుకుని కోసేది. ఓరోజు పప్పు మాడింది. "ఆ సెక్కముక్కలతో ఆటలాపి పొయ్యికాడ సూసుకో," అంది అత్తగారు. అదే సాయంత్రం పటం ఇంకా కాలేదని ఎవరో గొణిగితే, "పనోడు కదా బాబూ, టయిం పడతాది," అని వరహాలుని వెనకేసుకొచ్చింది. వరహాలుకి పప్పు మాడదు. వరహాలు పని వేళ ఎవరూ మంచినీళ్ళు అడగరు. ఆ రోజు పెరట్లో కూర్చుని, లేని మనిషిని చూసి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

పోస్టుమాస్టరుగారు వచ్చి వెళ్ళిన వారమే, సంతరోజు సుక్రు వచ్చాడు. కొండ మీది ఊరు అతనిది. పదిహేను రోజుల కిందట తన తల్లి ఫోటో ఇచ్చి వెళ్ళాడు. ఆమె చనిపోయింది, ఉన్నది ఆ ఒక్క ఫోటోయే, అంచులు పురుగు కొట్టేసి ఉంది. సత్యకుమారి దానికోసం మంచి చెక్క ఏరింది, గరుకు కాగితంతో అరచేయి మండేదాకా రుద్దింది. చివరి మేకు దగ్గర సుత్తి జారి బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడింది.

తెర సందులోంచి చూసింది. సుక్రు తల్లిని చూసి కింద చతికిలబడిపోయాడు. తర్వాత సంచిలోంచి సొరకాయ బుర్ర తీశాడు.

"తేనె. వరహాలుకి. మా అమ్మకి ఇల్లు కట్టినాడు."

"ఇలా ఇవ్వు, నేనిస్తాలే," అని సర్వేశ్వరరావు చెయ్యి చాపాడు.

సుక్రు బుర్ర వెనక్కి లాక్కున్నాడు. "నా సేత్తో ఆ సేతిలో ఎట్టాల బాబూ. ఎట్టకుండా పటం ఇంటికి తీసుకెళ్తే సేసినోడి ఉసురు తగులుతాది, మా ఇంట్లో అంతే."

"వరహాలు ఊళ్ళో లేడు."

"వచ్చినదాకా కూసుంటాను."

కొట్లో జనం నవ్వారు. సర్వేశ్వరరావు తెర తోసుకుని వంటింట్లోకి వచ్చాడు. "వీడు కదిలేలా లేడు సత్యా. గోదాములో మన కూలీ సోంబరు మూటలు మోస్తున్నాడు కదా, వాణ్ణి పిలిచి వీడే వరహాలని చూపించేస్తాను. క్షణంలో పని."

సోంబరు. ఈసారి నిజంగా చేతులున్న మనిషి. ఆ చేతులు చాపి తేనె పుచ్చుకుంటాడు. సత్యకుమారికి పట్టుచీర మీద గానీ, నగ మీద గానీ, ఆ బుర్రెడు తేనె మీద పుట్టినంత ఆశ ఎన్నడూ పుట్టలేదు. పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. ఆమె మొగుణ్ణి దాటుకుని, తెర తీసి, కొట్లోకి వచ్చింది.

"సుక్రన్నా, వరహాలు ఇంక రాడు. పోయాడు."

"అయ్యయ్యో!" అన్నారు జనం. సర్వేశ్వరరావు ఆమె వెనకే తెర తోసుకుని వచ్చాడు.

"ఎప్పుడమ్మా?" అన్నాడు సుక్రు.

"ఇప్పుడే," అంది ఆమె. రెండు చేతులూ దోసిలిగా చాపింది.

సుక్రు నల్లబడ్డ గోరు చూశాడు. గాజుల మధ్య అంటుకున్న రంపప్పొట్టు చూశాడు. పటం మూలని ఓసారి వేలితో తడిమాడు. లేచి, బుర్రని ఆమె దోసిట్లో పెట్టాడు.

"బరువుంది, జాగర్త."

"ఏటే కోడలా!" లోపల్నుంచి అచ్చియమ్మ కేకేసింది. "అన్నం మాడిపోతంది, బేగి దింపు!"

సత్యకుమారి మొగుడి వైపు తిరిగింది.

"మీరు దింపండి. నా చేతులు ఖాళీ లేవు."