దారం పోగంత నలుపు

గేర్ల కర్మాగారంలో ఆమెది తనిఖీ పని. కొలిమి చూసేది ఆమె అన్నయ్య. బొగ్గు వాయువు నిండిన కొలిమిలో గేర్లను గంటల తరబడి ఎర్రగా కాల్చి నూనెలో ముంచేవాడు. ఆ కాల్పులో బొగ్గుసారం పళ్ల పైపొరలోకి ఇంకి, ఆ పొర రాయిలా గట్టిపడుతుంది. లోపలి ఉక్కు మాత్రం దెబ్బలకు ఓర్చుకునేలా మెత్తగానే ఉంటుంది. గట్టిదనం ఎంత లోతుకు దిగిందో తెలియడానికి ప్రతి కాల్పులోనూ అదే రకం ఉక్కు ముక్క ఒకటి పెడతారు. దాన్ని కోసి, సానబట్టి, యాసిడ్ పూస్తే గట్టిపడినంత మేర నల్లగా తేలుతుంది.

ఆ నెల ముక్కలు కోసే చక్రం విరిగిపోయింది. కొత్తది రావడానికి పదిరోజులన్నారు.

"ఆకురాయితో గీసి చూడవే. గాజు మీద జారినట్టు జారిపోతోంది. గేరు కోసం గనివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి ప్రాణం తీస్తున్నారు," అన్నాడు అన్నయ్య.

గీసి చూసింది. నిజంగానే జారింది. సంతకం పెట్టేసింది.

ఆ గేరు వెళ్లింది ఆమె భర్త పనిచేసే గనికే. మనుషుల్ని లోపలికి దించి పైకి తెచ్చే బోను యంత్రం నడిపేది అతనే. వారం తిరక్కుండానే అన్నం తింటూ నవ్వాడు.

"మీ అన్నయ్య పంపిన గేరు ఒకటే సణుగుడు. పుట్టింటి సరుకు కదా, నీ పోలికే."

ఆమె కూడా నవ్వేసింది.

కొత్త చక్రం వచ్చిన పొద్దున, పేరుకుపోయిన ముక్కల్ని వరసగా కోసింది. గని గేరుతో పాటు కాల్చిన ముక్కకు యాసిడ్ పూసి భూతద్దం కింద పెట్టింది. అగ్గిపుల్ల మందాన ఉండాల్సిన నల్లటి చార దారం పోగంతే ఉంది. మళ్లీ సానబట్టి, మళ్లీ పూసింది. అంతే.

కొలిమి దగ్గరికి వెళ్లి ముక్క అతని చేతిలో పెట్టింది.

"ఎన్ని గంటలు కాల్చావు అన్నయ్యా?"

అతను ముక్క వైపు చూడలేదు. "రెండు. గ్యాసు అయిపోయింది. సిలిండర్లు మర్నాటికి గానీ రావన్నారు. పైన గట్టిగానే ఉంది కదా అని..."

"పన్నెండు కాలాల్సింది! బురద మీద గాజు పలక పరిచి దాని మీద లారీ తోలినట్టు కాదూ?"

"బావకి ఫోన్ చెయ్యి," అన్నాడతను నెమ్మదిగా.

గని యంత్రం గదిలో ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ స్కూటరెక్కారు.

గని గేటు దగ్గరికే వినిపించింది, ఏదో రాళ్లు నములుతున్న చప్పుడు. గదిలో ఆమె భర్త లివరు మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏవండీ, ఆపేయండి! ఆ గేరు పనికిరాదు!"

అతను తల తిప్పలేదు. "పదకొండుమంది పైకొస్తున్నారు. మధ్యలో ఆపితే మళ్లీ కదిలించేటప్పుడే పళ్ల మీద బరువంతా పడుతుంది. మాట్లాడకు."

లివరు ఇంకాస్త తగ్గించాడు. తాడు చుట్టుకుంటోంది, కదులుతోందో లేదో తెలియనంత మెల్లగా. యంత్రం లోపల ఏదో ఫట్‌మంది. తాడు జానెడు జారి, ఆగి, మళ్లీ కదిలింది. అన్నయ్య గోడకు ఆనుకుని చెవులు మూసుకున్నాడు.

బోను పైకొచ్చింది. ఒక్కొక్కరే దిగారు. చివర దిగినతను మొహం తుడుచుకుంటూ అరిచాడు: "ఏంట్రా ఇవాళ పెళ్లి నడక? కునుకు తీశావా?"

ఆమె భర్త లివరు వదిలి యంత్రం ఆపేశాడు.

గేరు పెట్టె మూత విప్పితే నూనెంతా చేప పొలుసుల్లా ఉక్కు పెచ్చులు. ఒక పన్ను మొదలంటా లేదు. గని మేనేజరు వచ్చాడు. అన్నయ్య నోరు తెరిచే లోపే, "సంతకం నాది. కోసి చూడకుండా పెట్టాను," అందామె. "కాల్చింది నేను," అన్నాడు అన్నయ్య.

మేనేజరు నూనెలోంచి ఒక పెచ్చు తీసి చూశాడు.

"ఆ కాల్పులో మొత్తం ఎన్ని గేర్లు?"

అన్నాచెల్లెళ్లు మొహాలు చూసుకున్నారు. మూడు. ఒకటి ఇదిగో. ఇంకొకటి కర్మాగారం స్టోరులోనే ఉందని సాయంత్రానికి తేలింది. మూడోది విడిభాగాల దుకాణానికి వెళ్లింది. ఇద్దరూ అక్కడికి పరిగెత్తారు.

"అమ్మేశానమ్మా, మొన్ననే," అన్నాడు దుకాణదారు. "కొన్నాయన పెద్ద క్రేన్‌కన్నాడు. ఎత్తైన బిల్డింగేదో కడుతున్నారట."

"ఎక్కడ?"

"అడగలేదమ్మా."

ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. అప్పటి నుంచీ ఆమె పొద్దున్నే బయల్దేరి, క్రేను కనబడిన చోటల్లా స్కూటరు ఆపి, కింద నిలబడి ఆ రాళ్లు నమిలే చప్పుడు వస్తోందేమోనని వింటోంది.