ఖదాన్ గట్టు మీద లాన్

రోలింగు మిల్లులో ముప్పయ్యొక్కేళ్ళు ఎర్రగా కాలిన ఇనుప కడ్డీల ముందు నిలబడ్డ అమ్మిరాజు, ఫోర్‌మన్‌గా రిటైరైన రోజు సాయంత్రం మెడలో దండతోనే ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి, "ఇకనుంచీ నా కాళ్ళకింద చల్లగా ఏదైనా ఉండాలి సుభద్రా" అన్నాడు. సుభద్ర లోపలికి వెళ్ళి ఒక గోనెపట్టా తడిపి తెచ్చి పరిచింది. ఆయన మనసులో ఉన్నది గోనెపట్టా కాదని ఆమెకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

ఊరి బయట ధర్సీవా దాటాక పెద్ద రోడ్డు వదిలి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక ఖదాన్ ఉంది. సున్నపురాయి తవ్వుకున్నంత తవ్వుకుని ఎవరో వదిలేసిపోయిన గొయ్యి. ఏళ్ళ తరబడి వాననీళ్ళు చేరి చెరువంత అయింది. నీళ్ళు నీలంగా, చూడ్డానికి బాగుంటాయి. ఆ గట్టు మీద అమ్మిరాజు ఇరవై సెంట్లు కొని, రెండు గదుల ఇల్లూ, వరండా కట్టించి, వెనక బోరు వేయించాడు. వరండా మెట్ల దగ్గర్నుంచి నీళ్ళ వైపు వాలుగా లాన్ పరిపించాడు. ఊళ్ళో దేవేంద్ర నగర్ ఇంట్లో వారమంతా ఉక్కపోతగా ఉంటుంది కాబట్టి, ఆదివారాలు ఇక్కడికొచ్చి విశ్రాంతి తీసుకోవాలన్నది ఏర్పాటు.

విశ్రాంతి ఉదయం అయిదింటికి మొదలయ్యేది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి వచ్చే మసి వారం రోజుల్లో గడ్డి మీద నల్లగా పట్టేసేది. దాన్ని కడగడానికి ఖదాన్ నీళ్ళు పడితే, ఆరాక గడ్డి కొసల మీద సున్నం తెల్లగా తేలేది. ఆ సున్నం పోవడానికి బోరు నీళ్ళు పట్టేవారు. తర్వాత అమ్మిరాజు మిషనుతో గడ్డి కోసేవాడు, సుభద్ర వరండా కడిగేది, ఇద్దరూ కలిసి కలుపు తీసేవారు. వరండాలో రెండు కేన్ కుర్చీలు వేయించారు. రెండేళ్ళలో వాటిమీద కూర్చున్నది కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషి ఒక్కడే.

మిగతా రోజుల్లో ఇల్లు చూసుకోవడానికి పక్క బస్తీవాడు బిసాహు ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు. నమ్మకస్తుడు, మాటలు తక్కువ. మోటారు వేయడం వచ్చు గాని, సమయానికి ఆపడం అతనికి పట్టుబడలేదు.

మే నెల రెండో ఆదివారం, పదకొండు గంటలప్పుడు, లాన్‌లో అరచేయంత గోధుమరంగు మచ్చ కనబడిందని అమ్మిరాజు నెత్తిన తువ్వాలైనా వేసుకోకుండా ఎండలోకి దిగాడు. ఆ రోజు నలభై అయిదు డిగ్రీలు. వంటగదిలో ఉన్న సుభద్ర చాలాసేపు ఆయన సణుగుడు వినబడకపోయేసరికి బయటికొచ్చి చూసింది. ఆయన బోర్లా పడున్నాడు. చెయ్యి మచ్చ మీదే ఉంది.

బిసాహు ఆయన్ని భుజాన వేసుకుని రోడ్డుదాకా పరిగెత్తాడు. వడదెబ్బన్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఆ రెండు రోజులూ సుభద్ర మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఆయన పాదాలు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. వానలు పడేదాకా ఎండలో కాలు పెట్టొద్దని డాక్టరు చెప్పి పంపాడు.

ఇంటికొచ్చి కూలర్ ముందు పడుకున్నాక అమ్మిరాజు మొదట అన్న మాట, "లాన్‌కి రోజూ నీళ్ళు పడాలి."

"బిసాహు పడతాడు లెండి."

"వాడు మోటారు కాల్చేస్తాడు. నెల రోజులు ఎండితే మళ్ళీ రాదు సుభద్రా ఆ గడ్డి."

ఆయన గొంతు ఎంత నీరసంగా ఉందంటే, కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. మర్నాటినుంచి తెల్లవారుతూనే, ముఖమంతా చున్నీ చుట్టుకుని, యాభై నాలుగేళ్ళ సుభద్ర స్కూటీ మీద బయల్దేరింది.

మొదటి రోజు వెళ్ళేసరికి ఖదాన్ నీళ్ళు బాగా లోపలికి దిగిపోయి ఉన్నాయి. పంపు గొట్టం కొస గాల్లో వేలాడుతోంది. ఇక మిగిలింది బోరు. అదీ నలభై నిమిషాలు పోశాక దగ్గడం మొదలుపెడుతుంది, మళ్ళీ మర్నాటిదాకా ఊరాలి. సుభద్ర మోటారు వేసి ఫవ్వారా తిప్పింది. అది టిక్కుటిక్కుమంటూ లాన్ మీద గుండ్రంగా నీళ్ళు చిమ్మసాగింది.

కాసేపయ్యాక వెనక్కి తిరిగి చూస్తే గేటు బయట ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పదిమంది దాకా ఉంటారు. ఒక్కొక్కరి దగ్గరా రెండేసి బిందెలు. ఎవరూ ఏమీ అడగడం లేదు. జల్లు అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు చూస్తున్నారు.

"వీళ్ళంతా ఎవరు?" అని బిసాహుని హిందీలో అడిగింది.

"బస్తీవాళ్ళు దీదీ. బోరింగు నాలుగు రోజులనుంచీ గాలి కొడుతోంది. పానీ నై హే."

"మరి నీళ్ళెక్కడ తెచ్చుకుంటున్నారు?"

"రోడ్డు అవతల. రెండు కిలోమీటర్లు."

"ఇక్కడెందుకు నిలబడ్డారు?"

బిసాహు ఆలోచించాడు. "దారిలో ఉంది కదా" అన్నాడు. "ఆ చివరనున్నది మా అమ్మ" అని కూడా చెప్పాడు.

ఆ రోజు నలభై నిమిషాల నీళ్ళూ సుభద్ర గడ్డికే పట్టింది. లాన్ ఆయనది, తను చూసుకోడానికి వచ్చిన మనిషి. ఆడవాళ్ళు ఫవ్వారా ఆగేదాకా ఉండి, బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళాక ఎలా ఉందని అమ్మిరాజు అడిగితే పచ్చగా ఉందని చెప్పింది. ఆ రోజుకది నిజమే.

మర్నాడు మోటారు వేసి, ఫవ్వారా గొట్టం ఊడదీసి, గేటు తీసింది. తను ఏదో గొప్ప పని చేస్తున్నానని ఆమెకు అనిపించలేదు. అంతమంది చూస్తుండగా గడ్డికి నీళ్ళు పట్టడం సిగ్గుగా ఉంది, అంతే. ఆడవాళ్ళు వరసగా వచ్చి బిందెలు నింపుకున్నారు. చివర్న ఒక బాల్టీ మిగిలింది. దాన్ని, భర్త మీద గౌరవంతో, ఆయన పడ్డ చోట పోసింది.

లాన్ వారం రోజుల్లో పసుపురంగుకు తిరిగింది. పది రోజులకల్లా కొబ్బరిపీచులా అయింది. ఈలోగా అమ్మిరాజుకు కాస్త ఓపిక వచ్చి, "ఫోన్‌లో ఫోటో తీసుకురా, చూస్తాను" అన్నాడు.

సుభద్ర పెరట్లోకి వెళ్ళి భిలాయిలో ఉన్న కూతురు దివ్యకి ఫోన్ చేసింది. దివ్య ఫిబ్రవరిలో తన ఆఫీసు వాళ్ళని ఖదాన్ ఇంటికి తీసుకెళ్ళి బోలెడు ఫోటోలు తీసుకుంది. వాటిని అమ్మిరాజు చూడలేదు.

"ఎన్ని కావాలమ్మా?"

"మనుషులు లేనివి. వానలు పడేదాకా సరిపోవాలి."

"నాన్నకి చెప్పలేదా?"

"కంగారు పెట్టొద్దని డాక్టరు చెప్పాడు."

"ఎండలోకి వెళ్ళొద్దని కదమ్మా చెప్పింది?"

"అదీ చెప్పాడు."

మనుషులు లేని ఫోటోలు పదకొండు తేలాయి. సుభద్ర వాటిని రెండు రోజులకొకటి చొప్పున వాడింది. అమ్మిరాజు కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఈ మూలనుంచి ఆ మూలదాకా చూసేవాడు.

"ఎడంపక్క బాగుంది. ఈ వారం యూరియా తగ్గించు."

"అలాగేనండి."

"అంచులు సీదాగా కత్తిరించేవా?"

"కత్తిరించేనండి."

రేపు ఏమడుగుతాడో, తనేం చెప్పాలో ఆమె దారిపొడుగునా స్కూటీ మీద ఆలోచించుకునేది. పెళ్ళయిన ముప్పయ్యేళ్ళలో ఆయనతో ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. కానీ ఫోటో చూసిన రోజు ఆయన మజ్జిగ అడిగి మరీ తాగేవాడు. మానేద్దామనుకున్నప్పుడల్లా ఆ గ్లాసు ఆమె కళ్ళముందు మెదిలేది.

జూన్ రెండోవారంలో ఒక పొద్దున మబ్బు పట్టింది. అమ్మిరాజు బూట్లు వేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "ఎండ లేదు కదా. నేనూ వస్తాను."

వద్దనడానికి సుభద్రకి కారణం దొరకలేదు. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరింది. చెప్పేద్దామని దారిలో మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ లారీ హారన్ కొట్టింది. ఎటూ చున్నీ చుట్టుకున్న నోటితో చెప్పేది వెనక సీటుకు వినబడదు.

గేటు బార్లా తీసి ఉంది. బిసాహు మోటారు వేసి ఉంచాడు. వరండా పక్కనున్న నల్లా దగ్గర్నుంచి గేటుదాకా ఆడవాళ్ళూ బిందెలూ బారుగా ఉన్నారు. అమ్మిరాజు దిగి, అంతా ఒకసారి చూశాడు. ఒకప్పుడు లాన్ అయిన నేల మీదుగా, కాళ్ళకింద గడ్డి కరకరమంటుంటే, ముఖం కడుక్కోవడానికి నేరుగా నల్లా దగ్గరకి నడిచాడు.

అక్కడ బిందె పట్టుకున్న ముసలామె ఆయన్ని ఎగాదిగా చూసింది. బిసాహు తల్లి ఫిరంతిన్. ఇంటాయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"లైన్ మా లగ, బబా" అంది. వరసలో నిలబడు తాతా అని.

ముప్పయ్యొక్కేళ్ళలో అమ్మిరాజుకి ఛత్తీస్‌గఢీ బాగానే వచ్చింది. ఆయన వెళ్ళి వరస చివర నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బిసాహు ఇది చూసి ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు. సుభద్ర స్కూటీ పక్కన, చున్నీ సగం విప్పిన చేతుల్తో అలాగే ఉండిపోయింది. వెళ్ళి ఫిరంతిన్‌తో ఆయనెవరో చెప్పాలా, లేక ఆయనతో ఆమెవరో చెప్పాలా అన్నది తేల్చుకోలేకపోయింది.

తొమ్మిదిమంది తర్వాత అమ్మిరాజు వంతు వచ్చింది. నల్లా రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పక్కనే ఎవరికోసమో ఆగిన ఫిరంతిన్ తన బిందె కొంచెం వంచింది. ఆయన దోసిలి పట్టి, ముఖం కడుక్కుని, చేతిరుమాలుతో తుడుచుకున్నాడు.

అందరూ వెళ్ళాక ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు అమ్మిరాజు.

"మూడు వారాలు దాటిందండి. చెబుదామనే అనుకున్నాను."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"రెండో ఫోటోలోనే తెలిసింది. ఆ మూల మామిడిచెట్టు నిండా పూత ఉంది. మే నెలాఖర్న."

సుభద్ర మామిడిచెట్టు వైపు చూసింది. పదకొండు ఫోటోల్లోనూ ఆ చెట్టుందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"మరి యూరియా తగ్గించమన్నారేం?"

"ఏమీ అడక్కపోతే నీకు అనుమానం వస్తుందని."

ఆమెకు నిజంగా కోపం వచ్చింది. ఎన్ని రాత్రులు నిద్రపట్టక దొర్లిందో, ఆ ఫోటోలు ఎంత పొదుపుగా వాడుకుందో చెప్పాలనుకుంది. "తెలిసి ఎందుకూరుకున్నారండి మరి?"

"గడ్డి పోయినా నువ్వు రోజూ వస్తూనే ఉన్నావు. అంటే ఇక్కడ ఇంకేదో పని పడిందన్నమాట. నాకు చెప్పకుండా చేస్తున్నావంటే అది నేను ఒప్పుకోని పనన్నమాట. అడిగితే వద్దనాలి. అడగలేదు."

"బాధగా లేదా?"

"ఉంది" అన్నాడు అమ్మిరాజు. ఎండిన గడ్డి ఒక పరక తెంపి, వేళ్ళమధ్య నలిపి చూశాడు. "చాలా ఉంది."

ఆమె ఆయన పక్కకి కాస్త జరిగి కూర్చుంది.

తర్వాతి ఆదివారం ఆయన నెత్తిన తువ్వాలు చుట్టుకుని, పైపులూ, పానాలూ, సగం బస్తా సిమెంటూ ఆటోలో వేయించుకుని వచ్చి, బోరునుంచి గేటు బయటికి లైను లాగి, రెండు నల్లాలు బిగించాడు. బిందెలు పెట్టుకోవడానికి గట్టు కూడా కట్టాడు.

"లోపలికొస్తే తొక్కేస్తున్నారు" అన్నాడు సుభద్రతో.

"ఏం తొక్కుతున్నారండి?"

"వానలకి వస్తుంది కదా."

మిల్లులో లాగా టోకెన్లు పెడితే తగాదాలుండవని ఆయన ఆడవాళ్ళకి పావుగంట వివరించాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. మర్నాడు ఎప్పట్లాగే ఫిరంతిన్ చెప్పిన వరసలో పట్టుకున్నారు.

జూన్ నెలాఖర్న వానలు పడ్డాయి. ఖదాన్ నిండింది, బస్తీ బోరింగులో నీళ్ళొచ్చాయి, నల్లాల దగ్గరకి రావడం మానేశారు. అమ్మిరాజు ఎదురుచూసిన లాన్ మాత్రం పూర్తిగా రాలేదు. అక్కడక్కడ గరిక, కొంత తుంగ, మిగతా అంతటా గుండ్రటి ఆకులతో ఏదో మొక్క మోకాలెత్తు లేచింది. అది పీకాలని ఆయన ఒక ఆదివారం గునపం తీసుకుని దిగేసరికి, ఫిరంతిన్, మరో ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు కట్టుకుని అందులో కూర్చుని లేత చిగుళ్ళు గిల్లుతున్నారు. గేటు మూసే ఉంది. ఎలా వచ్చారో ఆయన అడగలేదు.

"చరోటా భాజీ, బబా" అంది ఫిరంతిన్. తినే ఆకుకూర అని చెప్పి, కొంగులోంచి రెండు గుప్పిళ్ళు తీసి ఆయన తువ్వాల్లో పోసింది.

సుభద్ర దాన్ని కందిపప్పులో వేసి, ఇంగువ పోపు పెట్టింది. ఇద్దరూ వరండాలో పీటలు వేసుకుని తిన్నారు. బయట సన్నగా వాన పడుతోంది.

"ఇది కోసిన చోట మళ్ళీ వస్తుందా?" అన్నాడు అమ్మిరాజు.

"నీళ్ళు పట్టక్కర్లేదట. వద్దన్నా వస్తుందట."

ఆయన గునపం బిసాహుకి ఇచ్చేయమన్నాడు. తర్వాత కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు.