శాలిహుండం కొండ మీద చెప్పిన అబద్ధం

కళింగపట్నం దగ్గర సముద్రం ఒక మనిషిని పేరు పెట్టి పిలవడం నా ఈ రెండు చెవులతో విన్నాను. ఎక్కడో మేడ మీద కూర్చుని కాదు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి విన్నాను. శ్రీకాకుళం, విజయనగరం కలిపి వెతికినా ఆ మాట చెప్పగలిగినవాడు నేను తప్ప ఇంకొకడు దొరకడు. దొరికితే తీసుకురండి, నా చుట్టల కట్ట మొత్తం వాడి చేతిలో పెట్టేస్తాను.

అరవై ఎనిమిదో సంవత్సరం, మాఘమాసం. ఆర్థర్ దొర, ఎల్సీ దొరసాని అని మొగుడూ పెళ్ళాం స్కాట్లాండు నుంచి బయలుదేరి ఆసియా ఖండమంతా చూసి వద్దామని వచ్చారు. సింహళం, సయాం, జపాను, ఇలా పెద్ద జాబితా ఉంది వాళ్ళ దగ్గర. కలకత్తాలో ఓడ దిగి, రైలెక్కి, ముందుగా ఆమదాలవలసలో దిగారు. ఎందుకంటే దొర తాతగారు ఒకప్పుడు కళింగపట్నం రేవులో ఆఫీసరు. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాల కట్ట దొర సంచిలో ఉంది. ఆ ఉత్తరాల్లో ఉన్న ఊరిని మూడు రోజులు చూసి, తరవాత మిగతా ఆసియా చూద్దామని వాళ్ళ ఏర్పాటు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా, నిన్న పెళ్ళయినట్టు చెయ్యీ చెయ్యీ పట్టుకు నడుస్తుంటే వాళ్ళు దిగిన బంగళా నౌకరు గోడ వైపు తిరిగి నిలబడేవాడు.

ఊరు చూపించడానికి ఇంగ్లీషు వచ్చినవాడు కావాలన్నారు. ఊరంతా అప్పలసూరి వైపు వేలు చూపించింది.

అప్పలసూరిది పడవ బతుకు. రేవులోకి పొగ ఓడలు వచ్చే రోజుల్లో, ఒడ్డు నుంచి ఓడకి బస్తాలు మోసే కుట్టుపడవకి అతను తండేలు, అంటే పడవ పెద్ద. మేకు అన్నది లేకుండా పలకలన్నీ కొబ్బరితాడుతో కుట్టిన పడవ అది. ఓడల మీది దొరలతో కేకలు వేసి వేసి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఓడలు రావడం మానేశాక ఆ ఇంగ్లీషు వినే నాథుడు లేకపోయాడు. పెళ్ళాం గురమ్మ మీద ప్రయోగిస్తే ఆవిడ చీపురు అందుకునేది.

మొదటి రోజు వాళ్ళని గుర్రబ్బండిలో శాలిహుండం కొండకి తీసుకెళ్ళాడు. పాతకాలపు బౌద్ధుల ఇటుక కట్టడాలు చూపించాడు. కొండ మీంచి చూస్తే వంశధార మెలికలు తిరుగుతూ వెళ్ళి సముద్రంలో కలిసే మొగ కనిపిస్తుంది. అది చూపించి, "ఏరు అక్కడ కలుస్తాది" అని ఇంగ్లీషులో చెప్పాడు. దొరసాని వెంటనే ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి రాసుకుంది.

అప్పలసూరి తెల్లబోయాడు. యాభై ఏళ్ళ బతుకులో అతని మాటని కాగితం మీద పెట్టినవాళ్ళు లేరు. ఇంకొకటి చెప్పాడు. అదీ రాసుకుంది. అతని తల గాలిపటమైంది. అయితే తెలిసిన నిజాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. పొద్దు వాలుతూ ఉండగా దొరసాని, "ఈ సముద్రం గురించి మీవాళ్ళు చెప్పుకునే కథ ఏదైనా ఉందా?" అని అడిగింది.

అలాంటి కథ ఏదీ లేదు. అప్పలసూరి అక్కడికక్కడే పుట్టించాడు.

ఒడ్డుకి కొత్తగా వచ్చిన మనిషి మీద సముద్రానికి మనసైతే మూడు గుర్తులు చూపిస్తుందట. మొదటిది, కాలి చెప్పుల్లో ఒకటే పట్టుకుపోతుంది. రెండోది, తియ్యటి నీళ్ళు తాగినా నోటికి ఉప్పగా తగులుతాయి. మూడోది, తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుంది. పలికినవాళ్ళు ఇక సముద్రానివాళ్ళే.

దొరసాని ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి మరీ రాసుకుంది. పుస్తకం మూసేసరికి సూర్యుడు దిగిపోయాడు.

ఆ రాత్రే ఊరికి తిరిగి వచ్చాక, వెన్నెల్లో లైట్‌హౌసు దిగువన దొరసాని పొడి ఇసుకలో చెప్పులు విడిచి, పాదాలు తడుపుకోవడానికి వెళ్ళింది. కెరటాలన్నీ ఒక గీత దగ్గర ఆగుతున్నాయి. ఒక్క కెరటం మాత్రం ఆ గీత దాటింది. పాములా పాక్కుంటూ వచ్చి, ఎడమ చెప్పుని తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. కుడి చెప్పు అక్కడే ఉంది. దాని పట్టీ కూడా తడవలేదు.

దొర చప్పట్లు కొట్టాడు. దొరసాని పకపకా నవ్వింది. అప్పలసూరి కూడా నవ్వాడు. వాళ్ళు ఆపేశాక కూడా కాసేపు నవ్వుతూనే ఉన్నాడు, ఆపితే ఏమవుతుందో అన్నట్టు.

రెండో రోజు శ్రీకూర్మం వెళ్ళారు. గుడిలో తాబేళ్ళని చూసి వస్తూ తోట పక్కన బండి ఆపి కొబ్బరిబొండాలు కొట్టించారు. దొరసాని రెండు గుక్కలు తాగి ఆగిపోయింది.

"ఇందులో ఉప్పు కలుపుతారా?"

దొర ఆ బొండమే తీసుకుని తాగి, "పంచదార పాకంలా ఉంది కదా" అన్నాడు. అప్పలసూరి అరచేతిలో పోయించుకుని నాలిక తగిలించాడు. తియ్యగా ఉంది. ఇంకొక చెట్టుది దింపించి కొట్టించాడు. దొరసాని తాగి, మూతి తుడుచుకుని, తల అడ్డంగా ఊపింది. ఎండిన పడవ పలకల మీద పేరుకున్నట్టు ఆమె పెదవుల మీద తెల్లటి పొడి. అప్పలసూరి చూపు అక్కడే అతుక్కుపోయింది.

దొరసాని ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం మెరిసింది. పుస్తకం తెరిచి రెండో అంకె పక్కన టిక్కు పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి గురమ్మ వాకిట్లో చేపలు కోస్తోంది.

"ఏటి మావా, మొకం అలగున్నాది? దెయ్యం గాని ఎదురొచ్చినాదేటి?"

అంతా చెప్పాడు. గురమ్మ ముందు నవ్వింది. "ఓలమ్మా, ఎంత కత అల్లినావు మావా! నాకెప్పుడూ ఇలాటిది ఒక్కటీ సెప్పనేదు." తరవాత కత్తి ఆపి అడిగింది. "ఏ ఏళప్పుడు సెప్పినావు?"

"ఏళేటే? పొద్దు కుంకతంటే సెప్పినాను."

"సందేళా?"

"ఆఁ, అయితే ఏటి?"

"అయితే ఏటంటావేటి? తథాస్తు దేవతలు తిరిగే ఏళ గదా అది! వలకి సేప పడకపోయినా ఆ ఏళ పడనేదు అనం. రేపు పడతాదంటాం. నువ్వేమో సముద్రం మడిసిని పట్టుకుపోద్దని అనీసినావు. ఆళ్ళు తథాస్తనీసినారు."

"ఇప్పుడేటి సెయ్యమంటావే?"

"ఎల్లు. ఎవుల సెవిలో ఏసినావో ఆళ్ళ సెవిలోనే అబద్దమని సెప్పిరా."

"దొరసాని పుస్తకంలో రాసుకున్నాది గదే. కొట్టీస్తాది మరి."

"కొట్టీనీ. నీకు పుస్తకం ముక్కెమా, మడిసి పానం ముక్కెమా?"

బంగళాలో అప్పుడే దీపాలు పెడుతున్నారు. అప్పలసూరి వరండాలో నిలబడి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పాడు. ఆ కథ తన సొంతమనీ, ఊళ్ళో ఎవరికీ తెలియదనీ, పచ్చి అబద్ధమనీ. దొరసాని అతన్ని జాలిగా చూసింది. మొగుడి వైపు వంగి, "పాపం, మనం భయపడతామని వెనక్కి తీసుకుంటున్నాడు" అంది. దొర అతని చేతులు చూసి, "అబద్ధానికి ఇంత వణుకెందుకు?" అన్నాడు. దొరసాని అది కూడా రాసుకుంది.

"రేపు పొద్దున్న నీ పడవ మీద మొగ దగ్గరికి తీసుకెళ్ళు. మూడో గుర్తు వినాలి" అంది.

అప్పలసూరి పుట్టి బుద్ధెరిగాక ఆడిన అబద్ధాలన్నీ జనం నమ్మారు. నోరు తెరిచి ఒక్క నిజం చెబితే నమ్మేవాళ్ళు లేకపోయారు.

ఇక్కడ నేనొక మాట చెప్పుకోవాలి. మోకాలి లోతు నీళ్ళన్నాను కదా మొదట్లో? మడమ కూడా తడవలేదు. ఆ వారం నేను అక్కడికి నలభై మైళ్ళ అవతల రాజాం సంతలో ఎడ్ల బేరంలో ఉన్నాను. నా చెవుల్లో పడినవి దళారీల కేకలే. మొగ దగ్గర పిలుపు విన్నది గురమ్మ, ఆమె తమ్ముడు నూకయ్య. నేను వాళ్ళ నోటి నుంచి విన్నాను. విన్నవాళ్ళ దగ్గర విన్నవాడు కూడా విన్నవాడి కిందే లెక్క. చుట్టలు మాత్రం నా దగ్గరే ఉంటాయి.

మూడో రోజు తెల్లవారాక అప్పలసూరి చేపల కత్తి తీసుకుని తన పడవ దగ్గరికి వెళ్ళాడు. అడుగు పలక దగ్గర కొబ్బరితాడు కుట్టుని మూరెడు పొడవున కోసేశాడు. పక్కన వల బాగు చేసుకుంటున్న నూకయ్య లేచి వచ్చాడు.

"బావా, మతి గాని పోనాదేటి? సొంత పడవ పొట్ట కోసుకుంటన్నావు!"

"కుట్టు పాతబడినాదిరా."

"మొన్న గదా కొత్త తాడేసినావు? నాను గదా పట్టుకున్నాను!"

"ఒరే నూకయ్యా, నీ వల నువ్వు సూసుకో."

దొర వచ్చి చూసి నొచ్చుకున్నాడు. "పడవ లేకపోతే ఏం చేస్తాం, లైట్‌హౌసు ఎక్కి ఫోటోలు తీసుకుంటాను" అని కెమెరా పట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పలసూరి ఊపిరి పీల్చుకున్నాడు. సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, కోసిన కుట్టునే మళ్ళీ కుడుతున్నట్టు నటించాడు. దొరసాని ఎటు వెళ్ళిందని దొరని అడగలేదు. అడిగితే మళ్ళీ మొగ మాట వస్తుందని భయం.

అప్పుడు నీరు పాటు మీద, వెనక్కి తీసి ఉంది. మొగలో ఇసుక దిబ్బ గేదె వీపులా పైకి తేలి ఉంది. దొరసాని పుస్తకం పట్టుకుని, ఒడ్డుకీ దిబ్బకీ మధ్య చీలమండ లోతు కాలువ దాటి, నడుచుకుంటూ దిబ్బ చివరికి వెళ్ళింది. పడవ మీద వెళ్ళి ఉంటే అప్పలసూరి చెప్పేవాడు. ఆ దిబ్బ కనిపించేది రెండు గంటలే. పోటు నీరు ముందునుంచి రాదు, వెనక నుంచి వస్తుంది. ముందు ఆ కాలువని నింపి దారి మూసేశాకే దిబ్బ మీదికి ఎక్కుతుంది. ఈ సంగతి ఆమెకి చెప్పగలిగినవాడు పడవ పక్కన తలవంచుకుని కూర్చున్నాడు.

మిట్టమధ్యాహ్నం, గాలి కూడా లేని వేళ, గురమ్మ మొగుడికి నీళ్ళు తెచ్చి ఇస్తూ ఉండగా వినిపించింది.

"అప్పలసూరీ!"

దొరసాని గొంతే. నూకయ్య చేతిలో వల జారిపోయింది. ముగ్గురూ తిరిగి చూశారు. దిబ్బ లేదు. ఉండవలసిన చోట దొరసాని నడుము లోతు నీళ్ళలో నిలబడి, పుస్తకాన్ని తల మీదికి ఎత్తి పట్టుకుని ఉంది. లైట్‌హౌసు మీంచి దొర చేతులు ఊపుతున్నాడు, ఆయన గొంతు ఇటు రావడం లేదు.

అప్పలసూరి నోరు తెరవబోతే గురమ్మ అరచేత్తో మూసేసింది.

"పలకొద్దు మావా! నువ్వే సెప్పినావు గదా!"

అతను చెయ్యి తీసేశాడు. "అది నా కతేనే. అబద్దం."

"అబద్దమైతే అలగ ఒణుకుతన్నావేటి?"

"అప్పలసూరీ!" రెండోసారి.

తెప్ప ఉందా అని చూశాడు. పొద్దున్న వేట నుంచి వచ్చి నూకయ్య కట్లు విప్పి దుంగలు ఎండేశాడు. కట్టడానికి అరగంట పడుతుంది. తన పడవ పొట్ట తెరుచుకుని పక్కనే పడి ఉంది. దొరసాని రొమ్ము లోతుకి దిగింది.

మూడోసారి పిలుపు వచ్చింది.

"ఓయ్! వస్తన్నానమ్మా!" అని అప్పలసూరి ఊరంతా వినిపించేలా పలికాడు. ఒక దుంగని ఇసుక మీద ఈడ్చుకుంటూ నీళ్ళలో పడ్డాడు.

కాలువలో నీరు ఏటి వైపు పరుగెడుతోంది. దుంగని రొమ్ముకి ఆనించుకుని అడ్డంగా ఈదాడు. దొరసాని దగ్గరికి చేరి, ఆమె రెండు చేతులూ దుంగ మీద వేయించి, వెనక నుంచి తోశాడు. నూకయ్య నడుముకి తాడు కట్టుకుని మెడ లోతు దాకా వెళ్ళి దుంగ కొస అందుకున్నాడు. గురమ్మ ఒడ్డు మీంచి తాడు లాగింది. దొరసాని ఇసుక మీదికి వచ్చి పడింది. ఆకుపచ్చ అట్ట పుస్తకం అప్పటికే కొట్టుకుపోయింది.

దొర, లైట్‌హౌసు గుమస్తా పరుగెత్తుకుంటూ వచ్చారు. నూకయ్య ఒగరుస్తూ, "దొరసానమ్మ మూడుసార్లు పిలిసినాది గాబట్టి సరిపోయినాది. నేకపోతే మేము సూడనే సూడం" అన్నాడు. గుమస్తా ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు.

దొరసాని తల అడ్డంగా ఊపింది. ఏదో అంది. గుమస్తా వెంటనే తెలుగు చెయ్యలేదు. గురమ్మ రెండుసార్లు అడిగితే చెప్పాడు.

"తను పిలవలేదంటున్నాది. నోరు తెరిస్తే సముద్రానికి పలికినట్టవుతాదని భయమేసి, పెదాలు కొరుక్కుని నిలబడ్డానంటున్నాది."

ఆమె కింది పెదవి నిజంగానే చిట్లి ఉంది.

అప్పలసూరి ఆ వెనకే ఒడ్డెక్కాడు. పంచె పిండుకున్నాడు. గురమ్మ వైపు చూసి, "ఆకలేస్తన్నాదే, సోడంబలి ఉన్నాదేటి?" అన్నాడు. ఇంటికి వెళ్ళి, ఉల్లిపాయ నంజుకుని, రెండు గిన్నెలు రాగి అంబలి తాగాడు. దొరా దొరసానీ మర్నాడే రైలెక్కారు. సయాం వెళ్ళలేదు, జపాను వెళ్ళలేదు. అటునుంచి అటే స్కాట్లాండు వెళ్ళిపోయారని చెప్పుకున్నారు.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే ఉంది, అది చెప్పేసి లేస్తాను. చెప్పు, ఉప్పు, పిలుపు, ఇవన్నీ గురమ్మా నూకయ్యా చెప్పినవి చెప్పినట్టే చెప్పాను. అతను ఒడ్డెక్కి అంబలి తాగడం నాది. ఒకసారి గురమ్మ వాకిట్లోనే కూర్చుని ఊళ్ళోవాళ్ళకి ఈ కథ చెబుతూ, దొరసానిని మోసుకుని దుంగ ఒడ్డుకి వచ్చిన చోట ఆగాను. ఆవిడ చేపలు కోస్తూ తలెత్తకుండా, "తరవాత?" అంది. తరవాత ఏమైందో నాకంటే ఆవిడకే తెలుసు. అది నేను చెప్పలేదు. ఒడ్డెక్కి అంబలి అడిగాడన్నాను.

"ఎన్ని గిన్నెలు తాగినాడు?" అంది.

రెండు అన్నాను.