ఉమ్మడి గోడ మీద ఇనపమనుషులు

ఆదివారం చర్చిలో పూజ చూసుకుని, ఇంటికొచ్చి ఇంత తిని, పిల్లల కాపీ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకునేసరికి ఫిలోమినా టీచరు పెరట్లోకి జనం దిగిపోయేవాళ్ళు. వారం మొత్తంలో ఆమెకు దొరికేది ఆ ఒక్క మధ్యాహ్నమే. మూడింటికి ఎండ తప్పుకోగానే పెరటిగోడ మీద బొమ్మలు కదిలేవి. గీసిన బొమ్మలే. అందులో కొండంత ఇనపమనిషి ఒకడు, తలకాయ ట్రంకుపెట్టెలాగా, గుండెలో దీపం వెలుగుతూ, బండరాళ్ళు పెకలించి విసిరి ఊళ్ళను కాపాడేవాడు. గురజాలలో అంతా వాణ్ణి బండోడనేవాళ్ళు. గోడ మీద బొమ్మలు కదలడమేమిటని ఎవరూ అడగలేదు. ముందు వరసలో చోటు కోసం మాత్రం తగువులాడుకునేవాళ్ళు. తర్వాత వేరుశెనగ పొట్టంతా ఫిలోమినాయే ఊడ్చుకోవాలి.

గోడకు అవతల మణెమ్మ ఇల్లు. అటువైపు ఇంకో కథ నడిచేది. అందులో పొడుగోడనే నీలిరంగు ఇనపమనిషి కృష్ణానదిని రెండంగల్లో దాటి వరదలకు అడ్డం పడేవాడు. ఇటు కథ ఇటే, అటు కథ అటే.

గోడ ఎవరిదని ఏడేళ్ళుగా కోర్టులో దావా నడుస్తోంది. అది తేలేదాకా ఎవరూ గోడను ముట్టుకోకూడదని, సున్నం కూడా వెయ్యకూడదని స్టే ఇచ్చారు. వాయిదా పడినప్పుడల్లా ఫిలోమినా బడికి సెలవు పెట్టి కోర్టు వరండాలో ఒక స్తంభం పక్కన నిలబడేది, మణెమ్మ ఇంకో స్తంభం పక్కన. మణెమ్మ లావుపాటి మనిషి, నోరు గల మనిషి. మొగుడు పోయాడు. కొడుకు పుల్లయ్య నాగార్జునసాగరం డ్యాము పనిలో రాళ్ళు పగలగొట్టే మిషను మీద ఉండేవాడు. కోడలు మస్తానమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్త దగ్గరే. నీళ్ళకు తప్ప ఆ పిల్ల గుమ్మం దాటేది కాదు.

ఒక ఆదివారం ఆట ముగిశాక గోడ అడుగున అక్షరాలు పడ్డాయి. అందరూ అడిగితే ఫిలోమినా విసుక్కుంటూ చదివింది. వచ్చే వారం ప్రత్యేక ప్రదర్శనట, బండోడూ పొడుగోడూ ఒకే కథలో కలుస్తారట. అవతలనుంచి మస్తానమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"అక్కా, ఇటు కూడా ఏందో రాసుంది. చదివేవాళ్ళు లేరు."

అదే అయ్యుంటుందని చెప్పి ఫిలోమినా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ రోజుకు క్రోసూరు నుంచి, బెల్లంకొండ నుంచి బళ్ళు కట్టుకొచ్చారు. ఆమె చిక్కుడు పాదు నేలమట్టమైంది. తీరా మొదలయ్యాక చూస్తే కథ సగం ఇటు, సగం అటు. బండోడు ఇటు గోడ చివరిదాకా నడిచి అటు తేలేవాడు. జనం వీధి చుట్టూ తిరిగి మణెమ్మ ఇంట్లోకి పరిగెత్తేవాళ్ళు. అక్కడికి చేరేసరికి ఇనపమనుషులిద్దరూ ఇటు వచ్చేసేవాళ్ళు. పైగా ఆ ఇద్దరూ ఎదురుపడగానే నువ్వెవరని కూడా అడక్కుండా కలబడ్డారు. అరగంట అదే వరస. ఒక్క మాట అడిగితే సరిపోయేదిగా అని ఫిలోమినా పళ్ళు నూరింది.

చివరికి నీటిపాము ఒకటి ఊరి మీదికొస్తే అప్పుడు కలిశారు. ఇటు బండోడు తోక పట్టాడు, అటు పొడుగోడు తల పట్టాడు, ఇద్దరూ కలిసి గోడ నడిమధ్యకు తోశారు. నాపరాళ్ళు నాలుగు కదిలి కిందపడ్డాయి. పాము చచ్చింది. బొమ్మలు ఆగిపోయాయి, మళ్ళీ ఏ ఆదివారమూ రాలేదు.

గోడకు మాత్రం కంత మిగిలింది. రెండు వైపులా ఫిర్యాదులు వెళ్ళాయి. కోర్టు ఉత్తర్వులు అమలుచేసే అమీనా, అబ్దుల్ హమీద్, వచ్చి టేపుతో కొలుచుకుని, ఇనపమనుషుల తోపుడు వల్ల పడినదని రాసుకుపోయాడు. వారానికి ఉత్తర్వు తెచ్చాడు. దావా తేలేదాకా కంత ఉన్నది ఉన్నట్టుగానే ఉండాలి. పూడ్చినా తప్పే, వెడల్పు చేసినా తప్పే.

"మరి కుక్కలు దూరితేనో?" అంది ఫిలోమినా.

"ఉత్తర్వులో కుక్కల ఊసు లేదమ్మా," అన్నాడు హమీద్.

కుక్కలు రాలేదు. మస్తానమ్మ వచ్చింది. సన్నటి పిల్ల, పక్కకు తిరిగి దూరి, పలక చూపించి అక్షరాలు నేర్పమంది. బళ్ళో నలభై మంది ఉన్నారు, నావల్ల కాదని ఫిలోమినా చెప్పింది. చెబుతూనే చాప పరిచింది. మణెమ్మ కోడల్ని లాక్కుపోదామని చూసింది గాని కంతలో ఆమె భుజం దాకానే పట్టింది. అవతల నిలబడి గేదె అరుస్తోందనీ, పొయ్యి ఆరిపోయిందనీ కేకలేసేది. పిల్ల వెళ్ళి ఆ పని చేసి మళ్ళీ దూరొచ్చేది. ఇద్దరి మధ్యా ఫిలోమినా కాపీ పుస్తకాలు ఏనాడూ పూర్తయ్యేవి కావు.

నాలుగు నెలలకు ఒత్తులు వచ్చాయి. చదవడానికి ఇంట్లో ఏముంటే అది పట్టుకురమ్మంటే, మస్తానమ్మ చూరులో దోపిన పోస్టుకార్డులు తెచ్చింది. పుల్లయ్య రాసినవి. పోస్టుమాను వాటిని వీధిలో మణెమ్మకు చదివి వినిపించేవాడు. మణెమ్మ లోపలికొచ్చి, వాడు బాగున్నాడంట, గేదెను బాగా చూసుకోమన్నాడంట అని కోడలికి చెప్పేది.

మస్తానమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. నాకు క్వార్టరు ఇచ్చారు. మస్తానమ్మను మాచర్ల బస్సు ఎక్కించు. రెండో కార్డులోనూ అదే. పదకొండు కార్డులు, పదకొండింటిలోనూ అదే. చివరిది కింద పెట్టి, అన్నిటినీ మళ్ళీ ఒకసారి తిరగేసింది.

"ఎక్కడా గేదె ఊసే లేదక్కా," అంది.

ఫిలోమినాకు ఒళ్ళు మండింది. అంతా తెలిసీ ఊరుకున్న పోస్టుమాను మీద, మణెమ్మ మీద, గోడ పక్కనే ఉండి ఏదీ పట్టించుకోని తనమీద. ఏదో అనబోయింది. ఈలోగా మస్తానమ్మ లేచి కంత దగ్గర నిలబడి, చివరి కార్డును అవతలికి వినబడేట్టు మొదట్నుంచి చివరిదాకా చదివింది. అటునుంచి మణెమ్మ గొంతు వచ్చింది, ఎప్పుడూ లేనంత చిన్నగా.

"పో. నేనొక్కదాన్నే పడుంటా, ఏం చేస్తా."

మర్నాడు పొద్దున కోడలి పెట్టెను మణెమ్మే తెచ్చి వీధి అరుగు మీద పెట్టింది. ఫిలోమినా ఆ పిల్లను బస్సెక్కించి, బడికి ఆలస్యంగా వెళ్ళి హెడ్మాస్టరు చేత మాటలు పడింది.

నెల తిరిగాక ఒక ఆదివారం, ఇల్లు సద్దుమణిగింది కదా అని ఆమె కాపీ పుస్తకాలు తెరిచింది. మణెమ్మ వీధి చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో కార్డు. పోస్టుమాను చేత చదివించుకోలేదా అని ఫిలోమినా అడిగితే, ఇచ్చి పొమ్మన్నానంది. ఎర్ర సిరాతో వంకర అక్షరాలు. ఫిలోమినా నిట్టూర్చి, తప్పులు దిద్దబోయి, మానేసి చదివింది.

"అత్తా, ఇది టీచరక్క దగ్గర చదివించుకో. ఆమె ఉన్నది ఉన్నట్టు చదువుద్ది. ఇక్కడ క్వార్టరులో వెనకాల గది ఒకటుంది. అది నీకేనని ఆయనా నేనూ అనుకున్నాం. గేదెను కూడా తోలుకురా."

మణెమ్మ చాప మీద కూలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇంకోసారి చదువమ్మా," అంది.

ఫిలోమినా పుస్తకాలు పక్కకు నెట్టి, ఇంకోసారి చదివింది.