వంతెన ఆపాలా వద్దా

చీటీలు తీసింది బడిలో ఆయా. ఉద్యమం వాళ్ళెవరూ డబ్బాలో చెయ్యి పెట్టకూడదని ముందే అనుకున్నారట. అందుకని గేటు దగ్గర తాళం వేసుకుంటున్న ఆయాని పిలిచి, కళ్ళు మూసుకుని తియ్యమన్నారు. డబ్బా నిండా ఇళ్ళ నంబర్లే. ఆవిడ చేతికొచ్చిన వాటిలో బుడ్డోడి అమ్మ వాళ్ళ ఇల్లు కూడా ఉంది.

"ఇంట్లోనే ఉద్యమం మనిషిని పెట్టుకుంటే చీటీ ఇంకెక్కడికి పోతుందిలే" అని ఎదురింటావిడ మూతి తిప్పింది.

ఆ మాటకి ఎక్కువ కంగారు పడింది బుడ్డోడి అమ్మకి ఆడపడుచు. ఉద్యమం మనిషి ఆ పిల్లే. మా ఇంటి చీటీ పక్కన పెట్టెయ్యండని అడిగి చూసింది కూడా. సభ నడిపే పళ్ళ డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "చీటీ అంటే చీటీయే. నువ్వు మాట్లాడకూడదు గానీ మీ వదిన మాట్లాడొచ్చు" అంది.

ఇంతకీ ఈ సభ ఎందుకంటే, ఏటి అవతల బొగ్గు ప్లాంటు ఉంది. ఏటికేడూ ఎండలు ముదురుతున్నాయి, ఆ ప్లాంటు మూసెయ్యాలని వీళ్ళు పోయిన వేసవిలో వంతెన మీద బైఠాయించారు. ప్లాంటు మూతపడలేదు సరికదా, ఊరంతా వీళ్ళనే తిట్టిపోసింది. బళ్ళలో ఇరుక్కున్నవాళ్ళు మంచినీళ్ళ సీసాలు విసిరారు. ఈసారి జనం మీదికి పోవడం కాదు, ముందు జనాన్నే అడుగుదామన్నారు. చీటీల్లో వచ్చినవాళ్ళు కూర్చుని ఏది తేలిస్తే అదే చేస్తామని మాటిచ్చారు. ప్రశ్న ఒక్కటే. ఈ వేసవిలో మళ్ళీ వంతెన ఆపాలా వద్దా, వద్దంటే ఊరితో ఎలా మాట్లాడాలి?

ఆ ప్రశ్న విన్నప్పట్నుంచీ బుడ్డోడి అమ్మకి అన్నం సయించలేదు.

పోయినేడు వంతెన ఆగిన రోజున ఆమె దాని మధ్యలో, బస్సులో ఉంది. ఒళ్ళో బుడ్డోడు. ఇంట్లో బయల్దేరేటప్పుడు దగ్గు తప్ప ఏమీ లేదు. బస్సు ఆగి, ఇంజను ఆపేసి, ఇనప రేకు కాలిపోతుంటే వాడికి ఆయాసం మొదలైంది. డొక్కలు లోపలికి పోతున్నాయి, పెదాలు రంగు మారుతున్నాయి. ఆమె దిగి, వాణ్ణి భుజాన వేసుకుని, కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి దాటుకుంటూ పిల్లల ఆసుపత్రికి నడిచింది. దాటిన మనుషుల్లో ఆడపడుచు కూడా ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని నినాదాలిస్తోంది. వదిన కొంగు ఆ పిల్ల భుజానికి తగిలిందేమో కూడా, కళ్ళు మాత్రం తెరవలేదు.

ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టి మందు పట్టాక వాడు తేరుకున్నాడు. ఇంట్లో "ఎండకి కాస్త నలతయింది" అని ఊరుకుంది. ఆడపడుచుకి బుడ్డోడంటే ప్రాణం. వాడు ముద్ద మింగకపోతే ఈ పిల్లకీ దిగదు. అలాంటిదాన్ని కూర్చోబెట్టి ఏమని చెబుతుంది?

వాడికి ఇంకా తగ్గలేదు. వేసవంతా ప్రతి సోమవారం తీసుకురమ్మన్నారు డాక్టరు. ఆసుపత్రి వంతెన అవతల. మళ్ళీ వంతెన ఆగితే ఏం చెయ్యాలో ఆమెకి తెలీదు.

ఆదివారం పొద్దున ఇద్దరూ సభకి నడిచివెళ్తుంటే ఆడపడుచు అంది. "వదినా, నువ్వేమైనా చెప్పు. అడ్డం మాత్రం పెట్టకే తల్లీ. మావాళ్ళు ఏడాదిగా ఈ వేసవి కోసమే కాచుకుని ఉన్నారు."

నవ్వుతూనే అంది. బుడ్డోడి అమ్మ కూడా నవ్వింది. నవ్వి, బుడ్డోణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

సభ బడి హాల్లో. బల్లలు గోడవారకి నెట్టి కుర్చీలు గుండ్రంగా వేశారు. ఉద్యమం వాళ్ళు వెనక బెంచీల మీద, వినడానికే. పళ్ళ డాక్టరమ్మ చేతుల భాష నేర్పించింది. ఒప్పుకుంటే రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించాలి. సందేహముంటే ఒక్క వేలు. అస్సలు కుదరదంటే రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టాలి. ఒక్కరు అడ్డం పెట్టినా మాట అక్కడే ఆగిపోతుంది. పెట్టినవాళ్ళు కారణం చెప్పాలి.

"చిన్నపిల్లల ఆటలాగుందండీ" అన్నాడు బుడ్డోడి అమ్మ పక్క కుర్చీలోని బస్సు డ్రైవరు.

"ఆటే అనుకోండి. నోరు తెరిపించడం నా వృత్తి. మీరు నోరు మూసుకునే మాట్లాడొచ్చని ఈ ఏర్పాటు."

"మరి ఫీజు?"

"పీకితే చెబుతాను."

అందరూ నవ్వారు. బుడ్డోడి అమ్మ కొంచెం సర్దుకుని కూర్చుంది. పిల్లల కోసం పక్కగదిలో చాపలు పరిచి బొమ్మలు పెట్టారు గానీ ఆమె వాణ్ణి వదల్లేదు. కళ్ళముందు లేకపోతే వాడి ఊపిరి ఎలా వింటుంది?

మధ్యాహ్నం దాకా ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. టైపు ఇన్‌స్టిట్యూటు నడిపే పెద్దాయన, వంతెన ఆపకపోతే పేపర్లో మూల కూడా దొరకదన్నాడు. డ్రైవరు, "పేపర్లో పడేది మీరు, తిట్లు పడేది నేను" అన్నాడు. బుడ్డోడి అమ్మ వంతు వచ్చినప్పుడల్లా తల అడ్డంగా ఊపింది. తొమ్మిదిలో ఆగిపోయిన చదువాయె. ఇంతమంది ముందు ఏం మాట్లాడుతుంది?

చివరికి ఒక మాట మీదికి వచ్చారు. వంతెన మీద కూర్చోవాలి, పొద్దున్నపూట మాత్రమే, అంబులెన్సుకి దారి వదలాలి.

"ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి" అంది డాక్టరమ్మ. ఒక్కొక్కరివే చేతులు పైకి లేచాయి. డ్రైవరు కూడా విసుగ్గా ఎత్తాడు. డాక్టరమ్మ చుట్టూ చూస్తూ వచ్చి టక్కున ఆగింది.

"దించండి. అక్కడ అడ్డం పడింది."

అందరి తలలూ ఇటు తిరిగాయి. బుడ్డోడి అమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత తన చేతులు చూసుకుంది. బుడ్డోడు గుండెల మీద నిద్రపోయి జారుతుంటే, రెండు చేతులూ అడ్డంగా వేసి వాణ్ణి పొదివి పట్టుకుంది.

"అయ్యో, అది కాదండీ. వీడు జారిపోతున్నాడని."

హాలంతా నవ్వింది. బతుకు జీవుడా అనుకుందామె. వెనక బెంచీ మీద ఆడపడుచు కూడా గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

"సరే, అయితే మీరు ఒప్పుకున్నట్టేగా?" అంది డాక్టరమ్మ.

అవునంటే అయిపోయేది. తల ఊపినా చాలు. సోమవారం గుర్తొచ్చింది. ఆగిపోయిన బస్సు, వాడి డొక్కలు గుర్తొచ్చాయి. తల ఊగలేదు.

"అన్నా, వీణ్ణి ఒక్క నిమిషం పట్టుకోండి" అని పిల్లాణ్ణి డ్రైవరు ఒళ్ళో పెట్టింది. పెట్టి, చేతులు అడ్డంగా వేసుకుంది.

ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే మాట రాదని తెలుసు.

"పోయినసారి మీరు ఆపిన బస్సులో నేనున్నానండీ. వీడితో. వీడికి ఊపిరాడలేదు."

"అంబులెన్సుకి దారి..." అని వెనక నుంచి ఎవరో కుర్రాడు లేచాడు.

"నువ్వు వినడానికొచ్చావు. కూర్చో" అంది డాక్టరమ్మ.

"ఇంట్లో బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నాడండీ" అంది బుడ్డోడి అమ్మ. "అంబులెన్సు ఎందుకు పిలుస్తాం? బస్సెక్కాక మొదలైంది. దిగి నడిచాను. ప్రతి సోమవారం అటే వెళ్ళాలి. మీరు కూర్చుంటే నేనెటు పోనూ? మీ పని తప్పని కాదండీ. వీడికి ఇలా అయ్యేది ఆ ఎండకీ పొగకే. ఆ ప్లాంటు ఆగాలని నాకూ ఉంది. వంతెన మాత్రం ఆపకండి."

"మరి ఏం చేద్దామంటారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నాకు తెలీదండీ."

తెలీదంటే నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ, "అయితే మనందరం ఆలోచించాలి" అని మళ్ళీ మొదటికి వచ్చింది. గంటసేపు నలిగింది. పెద్దాయన ఒక దశలో విసుక్కుని బయటికెళ్ళి వచ్చాడు. డ్రైవరు ఒళ్ళో బుడ్డోడు మేలుకుని అతని జేబులోని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"స్టాపుల్లో నీడ లేదండీ" అన్నాడు డ్రైవరు విజిల్ లాక్కుంటూ. "జనం ఎండలో నిలబడి, బస్సు రాగానే నా మీద పడతారు. నా బదులు మీరు తిట్లు తినండి. పందిరి గుడ్డ కట్టి, మంచినీళ్ళ కుండ పెట్టి, అక్కడ మాట్లాడండి. ఎండ నెత్తి మీదున్నప్పుడు ఎండ గురించి ఎవడు వినడు?"

"గుడ్డలు కట్టడానికా ఉద్యమం పెట్టింది?" అన్నాడు పెద్దాయన.

"గుడ్డ కట్టి ఊరుకోకండి. వాళ్ళు చెప్పింది రాసుకుని, వాళ్ళనే వెంటబెట్టుకుని మున్సిపాలిటీకి పోండి."

అదే తేలింది. చేతులు లేచాయి. పెద్దాయన చేతులు లేవలేదు, అలాగని అడ్డమూ పడలేదు. బుడ్డోడి అమ్మకి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ తర్వాతే ఆడపడుచు గుర్తొచ్చి, బుడ్డోణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చింది.

ఆ పిల్ల బడి మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేనున్నానా ఆ రోజు? నా పక్కనుంచే వెళ్ళావా?"

"వెళ్ళాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు తిండి మానేస్తావు. మీ అన్నయ్య నన్ను తింటాడు."

ఆడపడుచుకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. బుడ్డోణ్ణి లాక్కుని వాడి వీపుకి చెవి ఆనించి వింది. చాలాసేపు వింది.

"మావాళ్ళు కొందరు నా మీద గుర్రుగా ఉన్నారు, వదినా. మీ వదినే చెడగొట్టిందని."

"మరి నువ్వు?"

"నాకు ఆసుపత్రి ఎదురుగా ఉన్న స్టాపు కావాలని అడిగాను" అంది ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ. "ఇకపైన సోమవారాలు చెప్పకుండా వెళ్ళావో, చూడు."

మర్నాడు బుడ్డోడి అమ్మ వాణ్ణి చంకనేసుకుని బస్సెక్కింది. అదే డ్రైవరు. చూసి తలూపాడు. వంతెన ఖాళీగా ఉంది. బస్సు కుదుపులకి బుడ్డోడు కిటికీ పట్టుకుని ఏదో పాడుతున్నాడు, గొంతు శుభ్రంగా ఉంది. ఆ పాట వింటూ సీటుకి తల ఆనించింది. ఎవరో భుజం తట్టినట్టయింది.

"ఆసుపత్రి వచ్చిందమ్మా" అంటున్నాడు డ్రైవరు, సీటు దగ్గరికి వచ్చి నిలబడి. "మీవాడు మేలుకునే ఉన్నాడు. మీరే నిద్రపోయారు."