రాయవలసలో సీమముల్లంగి

చైత్రమాసాంతమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన సముద్రతీరసైకతము పెనమువలె కాగుచుండగా మామిడిపిందెలు సహితము తొడిమలు వాడి నేల రాలుచున్న యొకానొక మధ్యాహ్నవేళ రాయవలస సంస్థానపు టుద్యానాధికారి యగు అవధానుల భీమశంకరముగారు గొడుగునీడను నిలిచి పొడియాడుచున్న మడిలో మాడిపోయిన యాకులను జూచి నిట్టూర్పు విడిచిరి. అవి సీమముల్లంగి మొక్కలు. చలిదేశములందు పుట్టి తురిమినంతనే కన్నుల నీరు గార్పించు ఘాటు గల యా దుంపను వేసవి ముంగిట నాటవలదని యాయన మాఘమాసమునుండియు మొఱపెట్టుకొనుచునే యుండిరి.

నాటించుటకు కారణము వేడుక గాదు. సంస్థానాధిపతి యగు రాజా పృథివీధరరాయనింగారి తల్లి సుభద్రాయమ్మగారు క్రిందటి వర్షాకాలమున విషజ్వరము సోకి కోలుకొన్నది మొదలు ముక్కునకు వాసనయు నాలుకకు రుచియు తెలియక అన్నము మట్టిముద్దవలె నున్నదని కంచము త్రోసివేయుచు నానాటికి చిక్కి శల్యమగుచుండిరి. మిరపకారము కడుపున మంట పెట్టెను. ఆవపిండి గొంతు దిగదయ్యెను. గాలిమార్పునకై నీలగిరులకు గొనిపోగా నచ్చటి వైద్యుడొకడు తన పెరటి సీమముల్లంగిని తురిమి పెరుగున గలిపి యొసగెను. ఆ ముద్ద నోట నిడుకొన్నంతనే యామె కన్నులు చెమర్చెను. ఇంకొంచెము పెట్టుమని యడిగిరి. ఆ మాట విని ఏబదియేండ్ల కుమారుడు చంటిబిడ్డవలె నేడ్చి గోనెనిండ దుంపలు కొని తెచ్చెను. అవి తీరమునకు వచ్చిన కొలదిదినములకే వడలి ఘాటు గోల్పోయెను గావున పెరటనే పండింప నిశ్చయించెను. మాతృభక్తి యాతనికి మెండుగా గలదు. ఓర్పు మాత్రము రవ్వంతయు లేదు.

ఆంగ్లదేశపు తోటపని గ్రంథమొకటి యీ దుంపను మార్చినెలలో నాటుమని చెప్పుచుండుటచే రాజుగారు దానిని వేదవాక్యముగా గైకొనిరి. భీమశంకరముగారు చేతులు గట్టుకొని విన్నవించిరి:

"మహాప్రభూ, ఆ దేశంలో మార్చి అంటే మంచు కరిగి నేల మెత్తబడే కాలము. మనకు మార్చి అంటే బావిగట్టు కాలే కాలము. నెల పేరు ఒకటైతే ఋతువు ఒకటవుతుందా? ఎగువన మంచుకొండ అనే కొండ మీద మన సంస్థానపు ఠాణా ఉన్నది గదా, అక్కడైతే చలికాలము చివర నాటవచ్చును. ఈ తీరాన మాత్రము కార్తికంలో చలిగాలి తిరిగిన తరువాతనే నాటవలెను."

"కార్తికమా? అప్పటిదాకా అమ్మ ఏమి తింటుందయ్యా?" అని రాజుగారు ప్రశ్నించిరి.

భీమశంకరముగారు మడి త్రవ్వింప బోయిరి. ఫాల్గునమున దుంపలు నాటబడెను, చైత్రమున మాడిపోయెను. ఆషాఢమున తొలకరి కురిసి నేల చల్లబడినంతనే వలదనుచున్నను వినక రాజుగారు నీలగిరులనుండి మఱల దుంపలు తెప్పించి నాటించిరి. నీరు నిలిచి వానిలో ననేకములు క్రుళ్లెను. క్రుళ్లక మిగిలిన వానిని వేరు తన్నెనో లేదో చూడవలెనని రాజుగారు తామే స్వహస్తములతో పెఱికి చూచి మఱల పాతిరి. అది స్వయముగా గాంచిన భీమశంకరముగారు తలపాగ సవరించుకొని తిన్నగా అంతఃపురమునకు బోయి తోట తాళపుచెవులను సుభద్రాయమ్మగారి మంచముకడ నుంచిరి.

"అమ్మగారూ, ఎండ తప్పుకు సంజాయిషీ చెప్పుకోగలను, వాన తప్పుకూ చెప్పుకోగలను. నాటిన నాలుగోనాడే పీకి చూసే ప్రభువుతో నేను వేగలేను. నాకు సెలవిప్పించండి."

ఆమె తాళపుచెవులను చేతికి తీసికొనిరి. పిదప కుమారుని బిలిపించి క్షీణస్వరమున నిట్లనిరి: "నాయనా, నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఎంత పెరిగావో అని నేను బయటికి తీసి చూసుకున్నానా? కార్తికందాకా గంజి తాగి బతుకుతాను. తాళాలు ఆయన దగ్గర ఉండనీ."

రాజుగారు తలవంచుకొని వెడలిపోయిరి. కార్తికమున నుత్తరపుగాలి వీవ నారంభించినపిమ్మట భీమశంకరముగారు మధ్యాహ్నపుటెండ తగులని గోడచాటున లోతుగా త్రవ్వించి మాగిన పెంట కలిపించి నీలగిరులనుండి క్రొత్తగా తెప్పించిన వ్రేలెడేసి దుంపముక్కలను లావు కొస పైకుండునట్లు ఏటవాలుగా పాతించిరి. పుష్యమాసపు మంచులో వెడలుపాటి పచ్చని యాకులు నిగనిగలాడుచు లేచెను. గోడ కావలివైపున రాజుగారు ప్రాతఃకాలమున నొకమాఱు సాయంకాలమున నొకమాఱు పచారుచేయుచు ఏమయ్యా ఏమయ్యా యని కేకవేయుచుండ, ఈవలివైపున భీమశంకరముగారు పండ్లు బిగబట్టి, పెరుగుచున్నవి ప్రభూ యని బదులిచ్చుచు ఆ చలికాలము గడపిరి. ఈలోపల సుభద్రాయమ్మగారు గంజితో నస్థిపంజరమాత్రావశిష్టురాలై యుండుటచే ఆ పిలుపు విన్నప్పుడెల్ల విసుగును భయమును ఏకకాలముననే యాయన హృదయమును పీడించుచుండెను.

ఫాల్గునమున మొదటి మొక్కను త్రవ్వగా బొటనవ్రేలి లావున తెల్లని దుంప వెడలెను. తురుముచున్న వంటలక్క కన్నులు జలజల వర్షించెను. ఆ తురుమును కలిపిన పెరుగన్నమును సుభద్రాయమ్మగారు నోట నిడుకొని కన్నులు మూసికొని యుగములవలె తోచినంతసేపు నమలిరి. తుదకు కన్నులు విప్పి, "ఇందులో ఉప్పు సరిపోలేదే" యనిరి.

తన వంటకు పేరు దప్పనీయని వంటలక్క యా నిందను విని కొంగుతో మొగము గప్పుకొని వెక్కివెక్కి యేడ్చెను. భీమశంకరముగారు గోడ కానుకొని నిలిచిపోయిరి. రాజుగారు మాత్రము పరమానందభరితులై మిగిలిన దుంపలన్నియు ఆ దినముననే ముక్కలుచేసి తోటయంతయు నాటవలసినదని యాజ్ఞాపించిరి. బయట నెండ చుఱచుఱలాడుచుండెను. భీమశంకరముగారి ముఖమున రక్తము పొంగుట జూచిన సుభద్రాయమ్మగారు కుమారుని దగ్గరకు రమ్మని సైగచేసి తురుము పిడికెడు తీసి ముద్దుగా నాతని నోట నిడిరి. ఘాటు నసాళమునకంటగా రాజుగారు కన్నులనుండియు ముక్కునుండియు నీరు ధారలుగట్టగా నోట మాట రాక స్తంభమును గౌగిలించుకొని నిలిచిపోయిరి. వారికి వాక్కు మరలివచ్చునంతలో భీమశంకరముగారు దుంపలను తడినాచున జుట్టించి, చలి యింకను వీడని మంచుకొండ ఠాణాలో నాటుటకై బండి సాగనంపిరి.